అడవిలో చెట్లెన్ని?

మీ బడి ఆవరణలో ఎన్ని చెట్లున్నాయో చెప్పమంటే మీరేం చేస్తారు? ఒకసారి చుట్టి వచ్చి, లెక్కపెట్టి చెప్పేస్తారు. వేపలు నాలుగు, కానుగలు ఆరు, గేటు దగ్గర రావి ఒకటి. అంతే, పని అయిపోయింది. మరి నల్లమల అడవిలో ఎన్ని చెట్లున్నాయో చెప్పమంటే?

"అక్కడా అలాగే లెక్కపెడితే సరి" అంటారేమో. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారులో అయిదువందల చెట్లున్నాయనుకోండి. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, అది ఏ జాతిదో గుర్తించి, బోదె చుట్టుకొలత తీసుకుని, పుస్తకంలో రాసుకోవడానికి ఒక నిమిషం చాలనుకుందాం. అయిదువందల నిమిషాలంటే ఎనిమిది గంటలకు పైమాటే. అంటే ఒక జట్టుకు రోజుకు ఒక హెక్టారు. వెయ్యి హెక్టార్ల చిన్న అడవికే దాదాపు మూడేళ్లు పడుతుంది. చివరి చెట్టును కొలిచేసరికి మొదట కొలిచిన మొక్కలు మానులయ్యే దారిలో ఉంటాయి. కొన్ని గాలివానకు పడిపోయి ఉంటాయి, కొన్నిటిని ఎవరో కొట్టుకుపోయి ఉంటారు. నల్లమల అయితే వెయ్యి హెక్టార్లు కాదు, లక్షల హెక్టార్ల అడవి!

అసలు ఈ లెక్క ఎవరికి కావాలి? ఏటా ఎన్ని చెట్లు కొడితే అడవి తరిగిపోకుండా ఉంటుందో తేల్చవలసిన అటవీ అధికారికి కావాలి. అడవి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎంత పీల్చి కలపగా దాచుకుంటోందో తెలుసుకోగోరే శాస్త్రజ్ఞుడికి కావాలి. పదేళ్ల క్రితం కంటే అడవి పలచబడిందా, చిక్కబడిందా అని అడిగే మనందరికీ కావాలి. లెక్క తప్పితే ఏమవుతుందో ఈ వ్యాసం చివరలో ఒక నిజమైన కథ చెబుతాను. అది చెట్ల కథ కాదు, పులుల కథ.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి అమ్మ మెతుకులన్నీ పట్టి చూడదు గదా! గరిటెతో నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. కొంత చూసి మొత్తం గురించి చెప్పే ఈ పద్ధతికే సాంఖ్యక శాస్త్రంలో నమూనా తీయడం అని పేరు. కాని ఒక సంగతి గమనించారా? మెతుకు పట్టే ముందు అమ్మ గరిటెతో ఒకసారి అడుగునుంచి కలియబెడుతుంది. ఎందుకంటే అడుగున మాడుతూ పైన పలుకుగా ఉండవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. అడవిని కలియబెట్టే గరిటె లేదు. లోయలో టేకు లోయలోనే ఉంటుంది, గుట్టమీది బండరాయి గుట్టమీదే ఉంటుంది.

ఏనుగు మీద లెక్క

నూట డెబ్బయి ఏళ్ల వెనక్కి వెళదాం. 1852లో ఇంగ్లీషువారు బర్మాలోని పెగూ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నారు. మన కోస్తా జిల్లాలవారు 'రంగం' అని పిలుచుకున్న రంగూను నగరానికి ఎగువన ఉన్న కొండల్లో మేలిమి టేకు ఉండేది. ఓడలు కట్టడానికి టేకును మించిన కలప లేదు. వ్యాపారులు అడవిమీద పడ్డారు. ఇలాగే కొడుతూపోతే ఎన్నాళ్లు ఉంటుంది? 1856లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడి టేకు అడవులకు సూపరింటెండెంటుగా వచ్చాడు. తరువాత 1864లో భారతదేశ అటవీ శాఖకు మొట్టమొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన బ్రాండిస్ ఆయనే.

బ్రాండిస్ ముందున్న ప్రశ్న మన ప్రశ్నే. ఆయన ఏనుగు ఎక్కి అడవిలోకి బయలుదేరాడు. చేతిలో కొన్ని వెదురు పుల్లలు, ఒక చాకు. టేకు చెట్లను లావును బట్టి నాలుగు తరగతులు చేశాడు. ఆరడుగులు, అంతకు మించి చుట్టుకొలత ఉన్నవి మొదటి తరగతి. ఒక్కో తరగతికి ఒక్కో పుల్ల. దారికి అటూ ఇటూ టేకు చెట్టు కనబడగానే దాని తరగతి పుల్లమీద చాకుతో ఒక గాటు పెట్టేవాడు. సాయంత్రం మకాం చేరాక గాట్లు లెక్కపెట్టుకుంటే ఆనాటి లెక్క తేలేది. మన పల్లెల్లో పాలవాళ్లు తలుపు వెనక గోడమీద గీతలు గీసుకోవడం లాంటిదే ఇదీ.

ఆయన చెట్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. రెండో తరగతి చెట్టు ఎదిగి మొదటి తరగతిలోకి రావడానికి ఎన్ని ఏళ్లు పడుతుందో అంచనా వేశాడు. అన్ని ఏళ్లలో రెండో తరగతి నుంచి ఎన్ని చెట్లు వస్తాయో, మొదటి తరగతి నుంచి అన్నే కొడితే అడవి మూలధనం చెక్కుచెదరదు. వడ్డీ తిని అసలు మిగుల్చుకోవడమన్నమాట! అలా ఆ అడవి నిర్వహణలో అంకెలకు చోటు దొరికింది.

అయితే మీలో చురుకైనవారికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. ఏనుగు ఎక్కడబడితే అక్కడ నడుస్తుందా? నడవగల దారినే నడుస్తుంది. ఆ దారుల పక్కన టేకు ఎక్కువగా ఉండి, దారిలేని చోట తక్కువగా ఉంటే? పుల్లమీది గాట్లు అడవి మొత్తాన్ని గురించి చెప్పవు, దారి పక్క అడవిని గురించే చెబుతాయి. ఇలా లెక్క ఒకే పక్కకు ఒరిగిపోవడాన్ని సాంఖ్యక శాస్త్రజ్ఞులు 'అభినతి' అంటారు. త్రాసులో ఒక తట్ట కింద చింతపండు అంటించిన కొట్టువాణ్ణి తలచుకోండి. ఆ త్రాసుతో ఒకసారి తూచినా, వందసార్లు తూచినా తప్పు అంతే ఉంటుంది, అదే పక్కకు ఉంటుంది.

చీటీలే గరిటె

అడవిని కలియబెట్టలేము. కాని మన ఎంపికను కలియబెట్టవచ్చు! ఇరవయ్యో శతాబ్దపు సాంఖ్యక శాస్త్రం నేర్పిన గొప్ప ఉపాయం ఇదే.

వెయ్యి హెక్టార్ల అడవి పటం తీసుకుని దానిమీద గళ్లు గీద్దాం. ఒక్కో గడి హెక్టారులో పదోవంతు, అంటే 1,000 చదరపు మీటర్లు. దాని భుజం ఎంత? 1,000కి వర్గమూలం కట్టండి: 31.62 మీటర్లు. మన దేశంలో అటవీ సర్వే జట్లు ఎన్నో ఏళ్లు ఈ కొలత గడులనే వాడాయి. మన అడవికి ఇలాంటి గళ్లు పదివేలు వస్తాయి. ఒకటి నుంచి పదివేల వరకు సంఖ్యలు వేసి, చీటీలు రాసి, బాగా కలిపి, కళ్లు మూసుకుని పది తీద్దాం. పదివేల చీటీలు రాయడం విసుగు కనుక శాస్త్రజ్ఞులు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలు వాడేవారు. అలాంటి మొదటి పట్టికను 1927లో టిప్పెట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు అచ్చువేశాడు. అందులో వరసా వావీ లేని అంకెలు 41,600 ఉన్నాయి. అలాంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాడు ఉంటే వాడి ఓపికకు దండం పెట్టాలి! ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి.

చీటీలో వచ్చిన గడి ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి. అది వాగు అవతలా? వాగు దాటాలి. నిట్టనిలువు గుట్టా? ఎక్కాలి. "ఇదెందుకులే, పక్కది చూద్దాం" అనడానికి వీల్లేదు.

మన జట్టు పది గళ్లకూ వెళ్లి టేకు చెట్లు లెక్కపెట్టిందనుకుందాం. (ఇవి ఉదాహరణకు నేను వేసిన అంకెలు.) వరసగా 12, 7, 15, 9, 0, 11, 18, 8, 14, 6 వచ్చాయి. మొత్తం 100. గడికి సగటున 10. పదివేల గళ్లకు లక్ష చెట్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అయిదో గడిలో సున్నా వచ్చింది చూశారా? జట్టు మధ్యాహ్నపు ఎండలో చెమటోడ్చి ఆ గడికి వెళితే అక్కడ ఉన్నది బండరాయీ, నాలుగు బొంతజెముడు పొదలూను. జట్టులో ఒకడు అంటాడు: "ఇక్కడ అసలు టేకే లేదు గదా, దీన్ని లెక్కలో ఎందుకు రాయాలి? కొట్టేయండి." వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఆ సున్నాను కొట్టేస్తే సగటు 100ను 9తో భాగించగా వచ్చే 11.1 అవుతుంది. అడవి మొత్తానికి 1,11,000 చెట్లు. ఒక్క సున్నాను తుడిచేసినందుకు అడవిలో లేని పదకొండు వేల చెట్లు కాగితంమీద మొలిచాయి! ఆ కాగితాన్ని చూసి ఎవరైనా చెట్లు కొట్టడానికి అనుమతి ఇచ్చారంటే, లేని చెట్లకు బదులు ఉన్న చెట్లే పడతాయి. ఆ సున్నా కూడా అడవి చెప్పిన జవాబే.

సరే, లక్ష అన్నాం. అది సరిగ్గా లక్షేనా? చీటీల్లో వేరే పది గళ్లు వచ్చి ఉంటే సగటు 10 కాక 9 వచ్చేదేమో, 12 వచ్చేదేమో. మరి ఈ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు? విచిత్రమేమిటంటే ఆ సంగతి కూడా మన చేతిలో ఉన్న ఈ పది అంకెలే చెబుతాయి. ఎలాగో చూడండి. ఒక్కో అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో రాయండి: 2, 3, 5, 1, 10, 1, 8, 2, 4, 4. వీటి వర్గాలు కూడితే 240. దాన్ని 9తో భాగించండి. (పదితో కాక తొమ్మిదితో ఎందుకో పై తరగతుల్లో తెలుస్తుంది. సగటును ఈ పది అంకెల నుంచే తీసుకున్నాం కనుక ఒకటి తగ్గిస్తామని ప్రస్తుతానికి గుర్తుంచుకోండి.) 26.67 వచ్చింది. దాని వర్గమూలం 5.16. దీన్నే క్రమవిచలనం అంటారు. గళ్ల మధ్య తేడాలు ఎంత ఎక్కువగా ఉంటే ఇది అంత పెద్దది. ఇప్పుడు దీన్ని పదికి వర్గమూలమైన 3.16తో భాగిస్తే 1.63. ఇది సగటుకు ఉన్న ప్రామాణిక దోషం.

దోషం అంటే ఎవరో చేసిన తప్పు కాదు. అంతా చూడకుండా కొంతే చూసినందుకు కట్టే సుంకం అది. సగటుకు అటూ ఇటూ ఈ దోషానికి రెండింతలు దూరం తీసుకుంటే, అసలు సగటు ఆ హద్దుల్లో ఉండే అవకాశం స్థూలంగా నూటికి తొంభై అయిదు పాళ్లు. అంటే గడికి 6.7 నుంచి 13.3 వరకు. అడవికి 67 వేల నుంచి 1 లక్షా 33 వేల చెట్ల వరకు. పది గళ్లే గనుక హద్దులు నిజానికి ఇంకాస్త వెడల్పుగానే తీసుకోవాలి.

"ఇంత వెడల్పా? ఇదేం లెక్క?" అని నిరాశపడకండి. గళ్లను నాలుగింతలు చేసి నలభై చూస్తే దోషం సగానికి తగ్గుతుంది. పదహారింతలు చేసి 160 గళ్లు చూస్తే నాలుగోవంతుకు దిగుతుంది. అప్పుడు 92 వేల నుంచి 1 లక్షా 8 వేల వరకు అని చెప్పవచ్చు. 160 గళ్లంటే 16 హెక్టార్లే. వెయ్యి హెక్టార్ల అడవిలో వందకు రెండు హెక్టార్లయినా చూడకుండా ఇంత దగ్గరగా చెప్పగలగడం గొప్ప కాదూ! ఎంత తెలివిగా లెక్కకట్టినా, అభినతి లేని అంచనా నుంచి రాబట్టగల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని 1945లో గణితరీత్యా చూపిన శాస్త్రజ్ఞుడెవరో తెలుసా? వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు.

గీతమీది చెట్టు ఎవరిది?

గడి అంచున సరిగ్గా తాడుమీద ఒక చెట్టు నిలబడింది. లోపలిదా, బయటిదా? చిన్న విషయమే అనిపిస్తుంది. 1930లలో, 1940ల మొదట్లో ప్రశాంత చంద్ర మహలనోబిస్, ఆయన సహచరులు బెంగాలులో పంటల నమూనా సర్వేలు చేస్తున్నప్పుడు ఒక వింత గమనించారు. నమూనా మడి మరీ చిన్నదైతే దిగుబడి నిజం కంటే ఎక్కువగా కనబడుతోంది! కారణం అంచు మొక్కలే. సందేహం వచ్చినప్పుడల్లా మనిషి చేయి మొక్కను లోపలికే లాక్కుంటుంది. మడి చిన్నదయ్యే కొద్దీ దాని వైశాల్యంతో పోలిస్తే అంచు పొడవు ఎక్కువ. ఇది మీరే లెక్కకట్టి చూసుకోవచ్చు. ఒక మీటరు భుజమున్న చతురస్రానికి వైశాల్యం 1, చుట్టుకొలత 4. పది మీటర్ల భుజమైతే వైశాల్యం 100, చుట్టుకొలత 40. అందుకే అటవీ సర్వేలో ముందే నియమం పెట్టుకుంటారు: బోదె నడిమి లోపలుంటే లోపలి చెట్టు, బయటుంటే బయటి చెట్టు. అక్కడికి వెళ్లాక ఆలోచించుకోవడాలు లేవు.

కొలత ఎక్కడ తీసుకోవాలో కూడా ముందే నిర్ణయం. మన దేశంలో నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మనిషి రొమ్ము ఎత్తున టేపు చుడతారు. వంగనక్కరలేదు, చెట్టు మొదట్లో ఉబ్బు అడ్డురాదు.

ఇంకొక కిటుకు ఉంది. లోయ, వాలు, గుట్ట అన్నీ కలిపి చీటీలు వేయడం కంటే అడవిని ముందు మూడు పొరలుగా విడదీసి, ఏ పొరకు ఆ పొర చీటీలు వేసుకుంటే అదే శ్రమకు దోషం తగ్గుతుంది. లోయ గళ్లు ఒకదానికొకటి దాదాపు ఒకేలా ఉంటాయి, గుట్ట గళ్లు కూడా అంతే. శేషాచలం కొండల్లో ఎర్రచందనాన్ని లెక్కకట్టబోయేవారికి ఇది బాగా పనికివస్తుంది. ఆ చెట్టు ఉన్నచోట గుంపుగా ఉంటుంది, లేనిచోట ఎంత వెదికినా ఉండదు.

చెట్ల సంఖ్య తెలిస్తే చాలదు, కలప ఎంతో తెలియాలి. నిలబడి ఉన్న చెట్టును తూచలేము గదా. అందుకని కొన్ని చెట్లను మాత్రం కొట్టి, ముక్కముక్కనూ కొలిచి, చుట్టుకొలతకూ కలపకూ మధ్య సంబంధాన్ని గ్రాఫుమీద గీస్తారు. మిగతా చెట్లకు టేపు చుడితే చాలు, కలప ఎంతో ఆ గీత చెబుతుంది. దుంగల అడితుల్లో ఇప్పటికీ వినబడే పాత సూత్రం ఒకటుంది: చుట్టుకొలతలో నాలుగోవంతును వర్గంచేసి పొడవుతో గుణించడం. ఇది సరైనదేనా? తొమ్మిదో తరగతి చదివినవాళ్లు స్తూపం ఘనపరిమాణంతో పోల్చి చూడండి. 157 సెంటీమీటర్ల చుట్టుకొలత, 4 మీటర్ల పొడవు ఉన్న దుంగకు స్తూప సూత్రం 0.785 ఘనమీటర్లు ఇస్తుంది, పాత సూత్రం 0.616 మాత్రమే ఇస్తుంది. నూటికి ఇరవై ఒకటిన్నర వంతులు లోటు! దుంగను చదరంగా చెక్కితే పోయే కలపను ముందే తీసేశామని చెప్పుకుంటారు. ఏదైతేనేం, వెయ్యి దుంగలు కొలిచినా ఈ లోటు తగ్గదు. ప్రామాణిక దోషం వేరు, అభినతి వేరు అనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు. మొదటిది నమూనా పెంచితే కరుగుతుంది, రెండోది కరగదు.

ముప్పై ఏళ్ల ప్రయోగం

రెండు చోట్ల నుంచి తెచ్చిన టేకు విత్తనాల్లో ఏది మేలు? మొదటి రకాన్ని వాలు పైభాగాన, రెండోదాన్ని కిందిభాగాన నాటారనుకోండి. ముప్పై ఏళ్ల తరువాత రెండోది లావుగా పెరిగింది. విత్తనం గొప్పదనమా, కింద నిలిచిన తేమ గొప్పదనమా? చెప్పడానికి వీలే లేదు. వరి ప్రయోగంలో ఇలాంటి పొరపాటు జరిగితే వచ్చే కారులో దిద్దుకోవచ్చు. టేకులో దిద్దుకోవాలంటే ఇంకో ముప్పై ఏళ్లు కావాలి. ప్రయోగం మొదలుపెట్టినాయన ఉద్యోగం విరమించి, ఆయన శిష్యుడు కూడా ముసలివాడై ఉంటాడు.

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919 నుంచి పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ దీనికి మందు కనిపెట్టాడు. వాలును పైనుంచి కిందకు కొన్ని పట్టీలుగా విడదీయాలి. ప్రతి పట్టీలోనూ రెండు రకాలూ ఉండాలి. పట్టీలో ఏ మడిలో ఏ రకమో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. అప్పుడు తేమ తేడా రెండు రకాలకూ సమానంగా పంచబడుతుంది. నాటేరోజున అయిదు నిమిషాలు నాణెం ఎగరేసినందుకు ముప్పై ఏళ్ల కష్టం దక్కుతుంది.

పులి కథ

ఇక చెబుతానన్న కథ. చెట్టు కదలదు, ఎదుటపడితే దాక్కోదు. పులి అలా కాదు. దాని లెక్క ఎలా?

1966లో ఒడిశా అటవీ అధికారి ఎస్. ఆర్. చౌధురి అడుగుజాడల పద్ధతిని ప్రవేశపెట్టారు. పులి వెనక కాలి ముద్రను నేలమీద వెదికి, దానిపై గాజుపలక ఉంచి గీత గీసుకుని, ముద్రలను పోల్చి ఏది ఏ పులిదో తేల్చేవారు. 1972లో మొదటి దేశవ్యాప్త గణనలో 1,827 పులులున్నాయన్నారు. మరుసటి ఏడే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ పద్ధతి మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. కాని ఒకే పులి బురదలో వేసిన ముద్ర ఒకలా, దుమ్ములో వేసింది మరోలా ఉంటుంది. ఒకే ముద్రను ఇద్దరు చూస్తే రెండు పులులనవచ్చు. అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. కనబడని పులుల మాటేమిటి? ఆ గణన "ఇన్ని పులులు" అని ఒక్క అంకె చెప్పేది తప్ప, అటూ ఇటూ హద్దులు చెప్పేది కాదు. ప్రామాణిక దోషం లేని అంకె చూడడానికి నిబ్బరంగా ఉంటుంది. నమ్మబుద్ధి కూడా అవుతుంది.

రాజస్థాన్‌లో సరిస్కా అనే పులుల అభయారణ్యం ఉంది. 2004 నాటి అధికార లెక్కలో అక్కడ పదికి పైగా పులులున్నాయి. 2005 మొదట్లో వెదికితే ఒక్కటీ లేదు! వేటగాళ్లు ఒక్కొక్కటిగా చంపుకుపోతుంటే కాగితంమీది పులులు మాత్రం క్షేమంగానే ఉన్నాయి. 2008లో రణథంబోర్ నుంచి పులులను తెచ్చి అక్కడ విడిచిపెట్టవలసి వచ్చింది.

సరిస్కాకు చాలా ముందే, 1990ల మొదట్లో, కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కె. ఉల్లాస్ కారంత్ మరో దారి చూపారు. చేపల శాస్త్రజ్ఞులకు అది పాతదే. డెన్మార్కుకు చెందిన పీటర్సన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే చేపలకు గుర్తులు కట్టి సముద్రంలో వదిలేవాడు. మళ్లీ వల వేసినప్పుడు పడిన చేపల్లో గుర్తున్నవి ఎన్నో చూస్తే మొత్తం చేపల సంఖ్యను ఊహించవచ్చు. పులికి గుర్తు కట్టనక్కరలేదు, పుట్టుకతోనే చారలున్నాయి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. అడవిదారికి రెండు పక్కలా కెమెరాలు పెడితే పులి నడిచినప్పుడు తనంతట అదే ఫొటో తీసుకుంటుంది. రెండు పక్కలా ఎందుకంటే ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు.

ఈ పద్ధతిని నేలమీది సర్వేలతో కలిపి 2006లో దేశమంతటా గణన చేశారు. 2008లో వెలువడిన ఫలితం: 1,411 పులులు. హద్దులు 1,165 నుంచి 1,657 వరకు. అంతకుముందు 2002 ప్రాంతంలో అడుగుజాడల లెక్క 3,642. "నాలుగేళ్లలో సగానికి పైగా పులులు పోయాయి" అని చాలామంది అన్నారు. మీరైతే ఏమంటారు? రెండు వేర్వేరు త్రాసుల తూకాలను పక్కపక్కన పెట్టి తేడా తీయకూడదు గదా! పాత అంకెలో ఎంత నిజమో చెప్పే హద్దులే లేవు. పులులు తగ్గాయన్నది నిజమే కావచ్చు, కాని ఎంత తగ్గాయో ఆ రెండు అంకెలూ చెప్పలేవు.

2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మూడుకోట్ల నలభై ఎనిమిది లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో చారలు పోల్చగా తేలిన వేర్వేరు పులులు 2,461. కాని ప్రకటించిన అంచనా 2,967. హద్దులు 2,603 నుంచి 3,346. 2,461కీ 2,967కీ మధ్యనున్న అయిదువందల పులులను ఏ కెమెరా చూడలేదు. చూసినవి ఎన్నిసార్లు మళ్లీ చూడబడ్డాయో దాన్ని బట్టి, చూడనివి ఎన్ని ఉంటాయో లెక్క కట్టారు. 2022 గణనలో సగటు అంచనా 3,682.

కనబడని పులిని లెక్కపెట్టడం మాయలా తోస్తుందా? అయితే ఇంట్లో చేసి చూడండి. ఒక సంచిలో చింతపిక్కలు పోయండి. ఎన్నో లెక్కపెట్టవద్దు. అందులోంచి 50 తీసి ఒక్కొక్కదానిపై సున్నంతో చుక్క పెట్టి, ఆరనిచ్చి, తిరిగి సంచిలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా 60 పిక్కలు తీయండి. వాటిలో చుక్కవి 12 వచ్చాయనుకోండి. అరవైలో పన్నెండంటే అయిదోవంతు. సంచి మొత్తంలోనూ చుక్కవి అయిదోవంతు ఉండాలి. చుక్క పెట్టినవి 50 కనుక మొత్తం 250. ఇప్పుడు సంచి బోర్లించి అసలు ఎన్నో లెక్కపెట్టి పోల్చుకోండి.

ఇదే ఆట ఇరవైసార్లు ఆడి, వచ్చిన ఇరవై అంచనాలనూ గ్రాఫు కాగితంమీద చుక్కలుగా పెట్టండి. తరువాత ఒకసారి సగం చుక్కల పిక్కలను సంచి అడుగున ఒక మూల నొక్కిపెట్టి, కలపకుండా పైనుంచి తీసి చూడండి. మీ అంచనా ఏ పక్కకు ఒరుగుతుందో తీయకముందే కాగితంమీద రాసి పెట్టుకోండి.